ఫ్లెక్సీ మీద పోసిన నీళ్లు

నా పేరు బానోతు సంగీత, భర్త లింగ్యా. వయసు ముప్పై ఆరు. బర్రెలను సాది పాలమ్ముత. మిర్యాలగూడ అవతల వాగు పక్క తండా మాది. సూర్యాపేటల ఎమ్మెల్యే ఫ్లెక్సీని ఖరాబు చేసిన్నని నా మీద కేసు పెట్టిన్రు. ఎస్సై సారు అడిగితే చెప్తున్న. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె.

ఎమ్మెల్యే కనకటి సుదర్శనం మొదలు కోదాడల లారీలు కిరాయికి కుదిర్చెటోడు. తర్వాత మా తండాకు ఎగువన ఉప్పుడు బియ్యం మిల్లు పెట్టిండు. తర్వాత సూర్యాపేటల ఫంక్షన్ హాలు కట్టిండు. ఇగ అన్నీ అయినంక ఓట్లకొచ్చిండు. మెడల కండువా మూడు రంగులు మారింది, మిల్లు మాత్రం మారలే. ఓట్లప్పుడు మా ఇంట్ల మజ్జిగ తాగి, "సంగీతమ్మా, నువ్వు నా చెల్లెవు" అన్నడు. నేనే బొట్టు పెట్టిన. యాదికొస్తే నా చెయ్యి నాకే రోతయితది.

మిల్లుల వడ్లు నానబెట్టిన నీళ్లు మా వాగులకు ఇడుస్తరు. తెల్లగ గంజి లెక్క ఉంటయి. కంపు సారు. పొద్దున కంపు, మాపున కంపు, అన్నం ముంగట కూసుంటే కంపు. వాగు పక్కన బాయి ఖరాబయింది. మా చూడి బర్రె ఆ నీళ్లు తాగి సచ్చింది. నా బిడ్డ శ్రుతి కాళ్లకు పుండ్లయినయి. వాసనొస్తదని బడిల దాని పక్కన ఎవ్వలు కూసోరు. అది సబ్బు మీద సబ్బు రుద్దుకుంటది, ఆ బాయి నీళ్లతోనే.

తండోళ్లం సీసల ఆ నీళ్లు పట్టుకొని ఎమ్మెల్యే ఇంటికి పోయినం. ముక్కుకు దస్తీ పెట్టుకొని, "మంచి నీళ్లే గదమ్మా, శుద్ధి చేసే ఇడుస్తున్నం" అన్నడు. దస్తీ తియ్యకుండనే అన్నడు. థూ.

మొన్న సోమారం ఆయన పుట్టినరోజు. ఫ్లెక్సీకి పాలాభిషేకం చెయ్యాలె, రెండు క్యాన్ల పాలు తెమ్మని ఆయన పీఏ ముఖేష్ ఫోన్ చేసిండు. నా బిడ్డ నోట్లకు పోని పాలు బొమ్మ నెత్తి మీద పోస్తరా అని నాకు కడుపు మండింది. క్యాన్లల్ల వాగు నీళ్లు నింపిన. లింగ్యాకు తెల్వదు. పొద్దున పది గంటలకు ఫంక్షన్ హాలు కాడ ఆటోల నుంచి దించిన. కెమెరాలను చూసి ముఖేష్ ఉరికొచ్చి క్యాన్ గుంజుకున్నడు, నిచ్చెనెక్కి పోసిండు. పటాకుల పొగల ఎవ్వలకు వాసన తెల్వలే. కింద దండం పెట్టుకుంట నిలబడ్డ సుదర్శనం మీద పడ్డయి. తెల్ల చొక్కా తడిసింది. ఆడనే కక్కుకున్నడు.

ముఖేష్ ఇచ్చిన ఫిర్యాదు సారు నాకు చదివి వినిపించిన్రు. "మనిషి ఒంటికి తగిలితే హాని చేసే కుళ్లు నీళ్లు" అని రాసిండు. అవి యాడివని సారు అడిగిన్రు. ఆయన మిల్లువే అన్న. గీడనే కూసున్న ముఖేష్ మొకం మాడింది. బయటకు పోయి ఫోన్ మాట్లాడి వచ్చి, "సంగీతక్కా, జర సమజ్ చేసుకో. కేసు వాపసు తీసుకుంటం, ఇంటికి పో" అన్నడు.

నేను పోను. మేం తిరిగి తిరిగి కాళ్లరిగినా ఏ ఆఫీసరు రాయని మాట వాళ్లే రాసిచ్చిన్రు. నన్ను జైల్ల పెట్టినా సరే, ఆ కాయిదంల ఒక్క అక్షరం కొట్టేయొద్దు. రెండో క్యాన్ అట్లనే ఉన్నది. నాతోని దాన్ని గూడ కోర్టుకు తీస్కపోండ్రి.

రాసింది చదివి వినిపించిన్రు. నేను చెప్పిందే ఉన్నది, చెప్పిందంత నిజం. ఎవ్వలు బెదిరించి చెప్పియ్యలే.

(సంతకం)
బానోతు సంగీత