ఖర్చులతో సహా

హలో… ఆఁ, నేనే. కళ్ళద్దాల షాపే. మీరెవరు…

ఓ, నువ్వా. నంబరు మార్చావన్నమాట.

…అవును, 'నువ్వు' అనే అంటున్నా. ఆ 'మీరు' కోర్టు మెట్లెక్కి దిగడంలో ఎక్కడో జారిపోయింది. సంగతేంటో చెప్పు. షాపులో జనం ఉన్నారు.

…అందింది నీ అప్పీలు నోటీసు. నిన్న మా లాయరమ్మ చదివి వినిపించింది. ఆస్తి పంచిన తీరూ తప్పేనట, నా కోర్టు ఖర్చులు నిన్ను కట్టమనడమూ తప్పేనట. ఇంక జడ్జిగారు ఒప్పు చేసిందేముంది.

…లాయర్లు లేకుండానా? సరే, చెప్పు. వింటున్నా.

…ఆగాగు. నేను ఖర్చులు వదిలేసుకుంటే నువ్వు అప్పీలు వెనక్కి తీసుకుంటావు. అంతేనా… ఓహో, షాపులో వాటా కూడానా.

…బోర్డు మీద నీ పేరుంటే సరిపోయిందా? అద్దాలు అరగదీసీ అరగదీసీ వేలిముద్రలు పోయాయి నాకు.

…అరవకు. అరిస్తే పెట్టేస్తా.

…కక్షా? వాయిదాలకు రాకుండా తిప్పించింది నువ్వు. ఏదీ అమ్మొద్దని కోర్టు చెప్పాక కూడా అద్దాలు కోసే మిషను గుట్టుచప్పుడు కాకుండా అమ్ముకుంది నువ్వు. ఖర్చులు నీ నెత్తిన పడింది అందుకు. నేను జడ్జిగారి చెవిలో ఏమీ ఊదలేదు.

…ఇల్లు అమ్మి చెరిసగం తీసుకోమన్నారుగా. ఇంకేంటి…

…ఆ, అదీ విన్నా. 'ముసలి తల్లి ఆ ఇంట్లోనే ఉంటోంది, అమ్మితే వీధిన పడుతుంది.' అప్పీలంతా దాని మీదే నిలబెట్టావట.

ఒక్కటడుగుతా. మీ అమ్మని చూసి ఎన్నాళ్ళయింది?

…ఊళ్ళో లేవా. ఫోనైనా చేశావా…

ఆవిడ ఆ ఇంట్లో లేరు.

…నేనేం ఎత్తుకురాలేదు. స్నానాలగదిలో జారిపడితే పక్కింటావిడ నాకు ఫోన్ చేసింది. ముందు నీకే చేసిందట. నువ్వు కట్ చేశావట.

…తుంటి ఎముక. ఆపరేషన్ అయింది. నిన్న ఇంటికి పంపించారు… ఏ ఇంటికేంటి. షాపు వెనక గదిలో మంచం వేశా.

…నాటకమా. చూడు, ముచ్చటపడి తెచ్చుకోలేదు. కాపురం చేసినన్నాళ్ళూ అత్తయ్య నన్ను ఒక్క మంచి మాట అనలేదు. సాక్ష్యానికొచ్చి నా మీద అబద్ధం కూడా చెప్పారు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏం చెయ్యను…

…అత్తయ్య అనే అంటా. విడాకులు నీకూ నాకూ.

…ఇస్తా, ఉండు. వెనక్కి వెళ్ళనీ.

అత్తయ్యా, మీ అబ్బాయి. స్పీకర్లో పెట్టాను, మాట్లాడండి…

…

ఏమన్నావు?

…వాయిదా నాటికి ఆవిణ్ణి ఆ ఇంట్లో పెట్టాలా. నొప్పి ఎలా ఉందని అడుగుతావనుకున్నా.

…విన్నారు. ఫోను ఆవిడ చెవి పక్కనే ఉంది.

…ఏడవట్లేదు. మొహం గోడవైపు తిప్పుకున్నారు.

…ఇప్పుడు అమ్మా, అమ్మా అని పిలిస్తే ఏం లాభం. ఇంక ఏదున్నా లాయరమ్మతో మాట్లాడు. ఖర్చుల్లో ఒక్క పైసా వదలను, షాపులో ఒక్క గాజుముక్క ఇవ్వను. అప్పీలు నడుపుకో, నేనూ వస్తా—

ఉండు. ఫోను ఇమ్మని చెయ్యి చాస్తున్నారు.

ఇదిగోండి అత్తయ్యా… లైన్లోనే ఉన్నాడు. మాట్లాడండి…

అది కాదు. అత్తయ్యా, ఆ ఎర్రది నొక్కకండి, నొక్కితే కట్—