ఉబైద్ గారి ల్యాప్‌టాప్ బ్యాగు

సభాధ్యక్షులు గణపతి గారికి, ముందు వరుసలోని పెద్దలకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ తల్లిదండ్రులకు, వచ్చే టర్మ్ నుంచి నా తరగతి తీసుకోబోతున్న నిఖిలకు, సమోసాలు ఎప్పుడు పెడతారా అని తలుపు వైపే చూస్తున్న మా పిల్లలకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇందాక గణపతి గారు, "కోటేశ్వరి గారి క్లాసులో పిల్లలు తడుముకోరండీ, టీచర్‌కి ఏం కావాలో వాళ్లకి ముందే తెలుసు" అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. చూసినవాళ్లు వినయం అనుకుని ఉంటారు. వినయం కాదండీ, సిగ్గు. ఆయన మెచ్చుకున్న విషయంలోనే నేను తప్పు చేశానని పోయిన ఆదివారం తెలిసింది. ఆ సంగతి చెప్పకుండా ఈ శాలువా మోసుకుని ఈ యీషున్ హాలు నుంచి ఇంటికి వెళ్లలేను.

ఈ దేశంలో పెరుగుతున్న మన ఆదివారం బడి పిల్లలకు తెలుగు చెవికి తెలుసు, చేతికి తెలియదు. వ్యాసం రాయమంటే "ఎంత రాయాలి ఆంటీ, ఎలా రాయాలి ఆంటీ" అని నా మొహం చూస్తారు. అందుకని టర్మ్ మొదటి రోజునే పాత విద్యార్థులు రాసిన వ్యాసాలు తెర మీద వేసి, ఇందులో ఏం బాగుంది, ఎందుకు బాగుంది అని పిల్లలతోనే చెప్పించేదాన్ని. అది తప్పని ఇప్పటికీ అనను. వంట నేర్చుకునేవాడికి ఉడికిన మెతుకు ఎలా ఉంటుందో చూపించాలి కదా. మొదట్లో నాలుగైదు రకాలు చూపించేదాన్ని. తర్వాత నిశాంత్ వ్యాసం దొరికింది. అక్కడితో మిగతావన్నీ మానేశాను.

నిశాంత్, చివరి వరుసలో దాక్కోకు నాన్నా, నిన్నేమీ అనను. (నవ్వులు) "మా నాన్న పని" అని రాశాడు. వాళ్ల నాన్నగారు చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగి. ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని ఎక్స్‌పో స్టేషన్‌లో రైలెక్కుతారు, ఇంటికి రాగానే మెడలో ట్యాగు తీసి చెప్పుల స్టాండ్ మీద పెడతారు, ఆ ట్యాగు తీసేదాకా నాతో మాట్లాడరు అని రాశాడు. ఆ వయసులో ఆ సంగతి గమనించాడంటే మాటలా! నాకు ఎంత నచ్చిందో. నచ్చి నేను చేసిన పనేమిటంటే, రైలు దగ్గర ఒక టిక్కు, బ్యాగు దగ్గర ఒక టిక్కు, ట్యాగు దగ్గర ఒక టిక్కు పెట్టి, "మంచి వ్యాసం అంటే ఇలా ఉండాలి" అని పిల్లలకు చూపించాను. వాడు తన కళ్లతో చూసి రాశాడన్న ముక్క మాత్రం చెప్పలేదు. అది వాళ్లకే అర్థమవుతుంది అనుకున్నాను.

అప్పటి నుంచి ఈ బడిలో నాన్నలందరూ చెప్పుల స్టాండ్ మీదే ట్యాగు పెడుతున్నారు. (నవ్వులు) ఇంట్లోనే కూర్చుని పని చేసుకునే నాన్నలు కూడా! నవ్వకండి, ఆ వ్యాసాలకు బాగా మార్కులు వేసింది నేనే. తప్పుల్లేవు, దస్తూరి బాగుంది, అడిగినవన్నీ ఉన్నాయి. చదువుతుంటే ఏదో వెలితిగా ఉండేది. ఆ వెలితి ఏమిటో తేల్చుకోకుండా తరవాతి కాగితం తీసేదాన్ని.

పోయిన ఆదివారం ఈ వ్యాసాలు ఇదే హాల్లో గోడకు అంటించాం. ఉబైద్ గారు జురాంగ్ ఐలాండ్‌లో కెమికల్ ప్లాంటు మనిషి. షిఫ్టు దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, నేరుగా ఇక్కడికి వచ్చారు. వాళ్లమ్మాయి ఉమైమా వ్యాసం చదివారు. చదివి, "ఏంది మేడం, నాకు ల్యాప్‌టాప్ బ్యాగు ఎప్పుడిచ్చిన్రు? కంపెనీవాళ్లు నాకు చెప్పనే లేదు!" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాత లిఫ్టు దగ్గర, పక్కన ఎవరూ లేనప్పుడు, మెల్లిగా అడిగారు. "మేడం, నా బిడ్డకు నా పని చెప్పుకోనీకి శరమైతున్నదా?"

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. నా నమూనా చూసి రాసిందండీ అని. నేనేమన్నానో తెలుసా? "చిన్నపిల్లలు కదండీ, పట్టించుకోకండి" అన్నాను. నా మర్యాద కాపాడుకోవడానికి ఆ నేరం ఆ పిల్ల మీదకు తోసేశాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు.



మర్నాడు వాళ్లింటికి వెళ్లి ఉమైమాను అడిగాను, ఎందుకమ్మా అలా రాశావని. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "ఆంటీ, శాంపిల్‌లో బ్యాగ్ ఉంది కదా. అబ్బాకి హెల్మెట్ ఓన్లీ. హెల్మెట్ రాస్తే రాంగ్ అవుతుంది లా" అంది, ఇక్కడి పిల్లల యాసలో. ముందు హెల్మెట్ అనే రాసిందట. మళ్లీ తనే చెరిపేసిందట.

ఉబైద్ గారూ, ఈ సంగతి మీకు ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఆ రోజు మీ మాటకు నవ్వినవాళ్లంతా ఇవాళ ఇక్కడే ఉన్నారు. అందుకని ఇక్కడే చెబుతున్నాను. మీ అమ్మాయికి మీ పని అంటే సిగ్గు లేదు. హెల్మెట్‌కు నా దగ్గర టిక్కు లేదని అనుకుంది, అంతే. సిగ్గుపడాల్సింది నేను.

ఆ పిల్లను ఒక మాట అడిగి, సరేనన్నాకే ఇంకొకటి చెబుతున్నాను. మీరు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకున్నప్పుడు, తనూ తమ్ముడు ఐమనూ టీవీ సౌండు పూర్తిగా తీసేసి కార్టూన్ చూస్తారట. ఆ బొమ్మలకు మాటలు వీళ్లే చెబుతారట, మీకు మెలకువ రాకుండా, గుసగుసగా. మీరు లేచాక మీ నుదుటి మీద హెల్మెట్ గీత ఇంకా ఉందో లేదో వేలు పెట్టి చూస్తుందట. ఇంత తెలిసిన పిల్ల చేత నేను బ్యాగు అని రాయించాను.

(ఉబైద్ గారు కూర్చున్న చోటి నుంచే: "గుసగుస సంగతి నాకెందుకు చెప్పలే బేటా?" ఉమైమా: "నువ్వు పడుకుంటావు కదా అబ్బా!" హాలంతా నవ్వులు. ఉబైద్ గారు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.)

గణపతి గారూ, నిశాంత్ వ్యాసాన్ని ల్యామినేషన్ చేయించి, ఇవాళ నా చేతుల మీదుగా నిఖిలకు ఇప్పించాలనుకున్నారు. మన్నించండి, ఇవ్వలేను. నిశాంత్, ఇలా రా నాన్నా, ఇది నీది, తీసుకో. మీ నాన్నగారిని నువ్వే చూశావు, ఆ ట్యాగు ఇంకెవరికీ పనికిరాదు.

నిఖిలా, నమూనాలు చూపించు. చూపించకపోతే పిల్లలు చీకట్లో తడుముకుంటారు. ఒకదానికొకటి పోలిక లేనివి చూపించు. కొట్టివేతలతో సహా నువ్వు రాసిందీ చూపించు. చూపించాక ఆ కాగితం లోపల పెట్టేసి, "మీ ఇంట్లో మీరొక్కరే చూసిందేమిటి" అని అడుగు. ఇది సరైన పద్ధతో కాదో నాకూ పూర్తిగా తెలియదు. నువ్వు ఇంకా మంచిది కనిపెడితే, నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇంకా చాలామంది పేర్లు చెప్పి కృతజ్ఞతలు తెలుపుకోవాలి. కానీ ఉబైద్ గారు గడియారం చూసుకుంటున్నారు, వారి షిఫ్టు బస్సు నా ప్రసంగం కోసం ఆగదు. ఉమైమా, నువ్వు కూర్చోనక్కర్లేదమ్మా. అబ్బాతో బస్సు దాకా వెళ్లు. దారిలో ఏం మాట్లాడుకుంటారో మాకు చెప్పొద్దు, రాసి చూపించనూ వద్దు.

ఇన్నాళ్లు మీ పిల్లలను నా చేతుల్లో పెట్టినందుకు మీ అందరికీ రుణపడి ఉన్నాను. తండ్రీకూతుళ్లు వెళ్తున్నారు, కాస్త దారివ్వండి. నాకూ సెలవు.