మూడింటికి క్రేను లారీ

తైచుంగ్ నగరం పక్కన షెన్‌గాంగ్‌లో ఒక రేకుల షెడ్డు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. సైకిలు పెడళ్ళు కోసే పాత మిషను మళ్ళీ ఆగిపోయింది. దాని ముందు లియావ్ ము-హువో, ఆయన కూతురు యూ-శాన్ ఉన్నారు.

"ముట్టుకోకు నాన్నా! ఆ ఎర్ర మీట నొక్కావంటే తెర మీద రాసింది కాస్తా పోతుంది."

"నేనేం ముట్టుకోలేదు. చెయ్యి ఊరికే అలా పెట్టా."

"నువ్వు ఊరికే పెట్టిన చేతికే పోయినసారి అంతా చెరిగిపోయింది. జరుగు, చదవనీ."

"ఏం రాసింది?"

"నిన్న రాసిందే, మొన్న రాసిందే. అనుకోని ఆలస్యం జరిగిందట."

"ఆలస్యమా? అదెక్కడికెళ్ళాలని ఆలస్యం? నేలకి బోల్టులేసి బిగించాం కదే దాన్ని."

"మిషనుకి కాదు, కంప్యూటరుకి. మోటారు వేసే ప్రతి అడుగుకీ కంప్యూటరు ఒక చిటికె వెయ్యాలి. సెకనుకి వేల చిటికెలు. వాటిల్లో నాలుగు తప్పాయంటే మోటారు తడబడుతుంది. అందుకే ముక్క పాడవకముందే మిషను తనంతట తనే ఆగిపోతుంది. మంచిదే కదా అది."

"మంచిదే. ఇవాళ పొద్దుట్నుంచి మూడుసార్లు మంచిదైంది."

"వెటకారం చాల్లే."

"వెటకారం కాదే తల్లీ. ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేరు ఊరికే ఆగుతుంది అంటున్నా, అంతే."

"ఊరికే వచ్చింది కాబట్టే ఈ ముసలి మిషను ఇంకో రెండేళ్ళు బతికింది. దీని బోర్డు కాలిపోతే కంపెనీ వాళ్ళేమన్నారో గుర్తుందా? ఈ మోడలుకి బోర్డులు ఇక రావు..."

"గుర్తుంది."

"...కొత్త మిషను కొనుక్కోండి అన్నారు. అప్పుడు షిన్‌చూలో ఉద్యోగం మానేసి వచ్చి, పాత ఆఫీసు కంప్యూటరొకటి ఈ ప్యానెలు బీరువాలో పెట్టి, దీన్ని నడిపించిందెవరు?"

"గుర్తుందంటున్నాగా! సరే, మూడింటిలోపు నయమవుతుందా కాదా, అది చెప్పు."

"అదుగో! మూడింటిలోపు, మూడింటిలోపు. పొద్దుట్నుంచి నాలుగుసార్లన్నావ్. నాకేం తెలీదనుకోకు."

"ఏం తెలుసు నీకు?"

"నిన్న వెనక తలుపు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడావు. విన్నా."

"ఎంతవరకు విన్నావ్?"

"క్రేను లారీ. మూడింటికి. రెండు టన్నుల మిషను. సందు ఇరుకు, వెనక్కి నడుపుకుంటూ రా."

"అంతేనా?"

"ఇంకా ఏం వినాలి? తూకానికి అమ్మేస్తున్నావ్."

"టీ చల్లారిపోతోంది. తాగు."

"మాట మార్చకు నాన్నా."

"మార్చట్లేదే. టీ నిజంగానే చల్లారిపోతోంది."

"ఇది పోతే నేనిక్కడుండి ఏం చెయ్యాలి? నీ టీ కప్పులు కడగాలా? షిన్‌చూ వాళ్ళు ఇప్పటికీ రమ్మంటున్నారు."

"వాళ్ళకి ఫోను చేశావా?"

"ఇంకా చెయ్యలేదు. ఇది లారీ ఎక్కిన మరుక్షణం చేస్తా."

"అయితే అది బాగయ్యే దారి చూడు. ఫోనుదేముంది, ఎప్పుడైనా చేసుకోవచ్చు."

"చూస్తున్నాగా! వైర్లు మార్చా, ఎర్తు మళ్ళీ వేశా, పని లేనప్పుడు కంప్యూటరు కునుకు తీయకుండా కట్టడి చేశా. ఇంకేం మిగిలిందో నాకు తోచట్లేదు. అందుకే ఈ సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళ ఫోరంలో రాశా. జర్మనీ ఆయన పొద్దున్నే జవాబిచ్చాడు."

"ఎవరు, ఆ పాలాయనా?"

"ఆయనే. నలభై ఆవులున్నాయి. కొట్టం పక్కనే మిషను పెట్టుకుని గేట్లకి కీళ్ళు తయారుచేసుకుంటాడు."

"ఆవులు కాసేవాడు నా మిషనుకి వైద్యం చెప్తాడా?"

"పోయినేడాది మోటారు వెనక్కి తిరిగితే చెప్పిందెవరు మరి? ఆయనే. దమ్మిడీ తీసుకోకుండా."

"ఊరికే ఎందుకు చెప్తాడే? ఆయనకేంటి లాభం?"

"ఆయనకి ఇంకెవరో చెప్పారు. రేపు నేను ఇంకెవరికో చెప్తా. అక్కడ పద్ధతంతే. సరే విను, మూడు ప్రశ్నలడిగాడు. ఒకటి, ఎంతసేపు నడిచాక ఆగుతోంది?"

"గంట. అన్నం డబ్బా మూత తీసేసరికి సరిగ్గా ఆగుతుంది."

"రెండు, బీరువా తలుపు తీసి ఉన్నప్పుడా, మూసి ఉన్నప్పుడా?"

"అదే కదే విచిత్రం. నువ్వు తలుపు తీసుకుని ఎదురుగా కూర్చుంటే బుద్ధిగా నడుస్తుంది. మూసి అటు తిరిగావా, మొరాయిస్తుంది. నువ్వంటే భయం దానికి."

"ఎవరో ఒకరికి ఉందిలే. మూడు, బాగా నడిచిన రోజుకీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది?"

"ఏం మారలేదు."

"ఆలోచించి చెప్పు."

"ఆలోచించే చెప్పా. ఏం మారలేదు."

"ఇంత తొందరగా ఆలోచించావా?"

"నాకు బుర్ర చురుకు."

"తలుపు తీస్తే ఏమొస్తుంది లోపలికి... వెలుతురు. దుమ్ము. గాలి... గాలి! అయ్యో, నా మతి మండా! ఇన్నాళ్ళూ చిటికెలే లెక్కపెట్టాను గానీ వేడి చూడలేదు. ఆగు. ఇదుగో. తొంభై ఏడు."

"తొంభై ఏడంటే జ్వరమా?"

"జ్వరం కాదు, ఇంకాసేపుంటే నీ టీకి నీళ్ళు కాగుతాయి. ఇంత వేడెక్కితే కంప్యూటరు తనని తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే చిటికె తప్పుతుంది. దొరికింది నాన్నా! ఫ్యాను చూడు."

"తిరుగుతోంది."

"కింద గాలి జల్లెడ?"

"నిన్ననే కడిగా. అద్దంలా ఉంది."

"కింద నుంచి చల్లగాలి లోపలికి పోతోంది. మరి వేడిగాలి నెత్తిన చిల్లుల్లోంచి బయటికి రావాలి. నువ్వు పొడుగు కదా, చెయ్యి పైకి పెట్టి చూడు, వస్తోందా?"

"వస్తోంది."

"చెయ్యి ఎత్తకుండానే చెప్పావు."

"ఇక్కడికే తగుల్తోంది."

"నాన్నా. ఆ స్టూలు ఇలా తే."

"స్టూలెందుకు? పైన మహా దుమ్ము. నీ చొక్కా కొత్తది."

"స్టూలు."

"స్టూలు మనింట్లో ఎక్కడుంది? పక్క షెడ్డు ఛియు పట్టుకుపోయాడు."

"మరి నువ్వు దేని మీద కూర్చున్నావు?"

"...ఇదా? దీనికి ఒక కాలు పొట్టి. పడతావ్."

"లే నాన్నా."

"నా మోకాలు..."

"మోకాలు సంగతి తర్వాత. ముందు లే. ఊఁ. గట్టిగా పట్టుకో, కదపకు."

"పట్టుకున్నా. ఏం కనబడట్లేదు కదూ? దిగిపో."

"నాన్నా."

"ఊఁ."

"ఇవేంటి?"

"ఏవి?"

"పచ్చ పొట్లాలు. రెండు... నాలుగు... ఆరు... తొమ్మిది!"

"తొమ్మిదా? ఎనిమిదనుకున్నానే."

"మిషను బుద్ధిగా ఉండాలని మొక్కజొన్న బొరుగుల పొట్లం మన దేశంలో అందరూ పెడతారు. ఆసుపత్రిలో పెడతారు, బ్యాంకులో పెడతారు. నేనూ పెట్టా తెర పక్కన. కానీ ఒకటి! ఎవరైనా ఒకటి పెడతారు నాన్నా!"

"అది నువ్వు పెట్టింది. ఇవి నేను పెట్టినవి."

"నేను పెట్టినరోజు పడీ పడీ నవ్వావు. చదువుకున్నదానివి, బొరుగులకి దణ్ణం పెడతావా అన్నావు."

"నవ్వాను. తర్వాత పెట్టాను. రెండూ చెయ్యకూడదని ఎక్కడైనా ఉందా?"

"మరి ఈ టేపేంటి? నాలుగు పక్కలా అతికించేశావే!"

"కింద నుంచి ఒకటే గాలే! పెట్టింది పెట్టినట్టు ఎగరేస్తోంది. రెండుసార్లు నేల మీద పడ్డాయి. నేలపాలైన పొట్లం పని చెయ్యదు. అందుకని టేపు. వేసేదేదో గట్టిగా వెయ్యాలిగా."

"నాన్నా... ఆ గాలే దాని ఊపిరి. నువ్వు దాని ముక్కు మూసేసి, బుద్ధిగా ఉండమ్మా అన్నావు."

"...నేనా?"

"నువ్వే."

"అలా ఎలా అవుతుంది? అది ఆగింది, నేను పెట్టా. మళ్ళీ ఆగింది, ఇంకోటి పెట్టా."

"నువ్వు పెట్టావు కాబట్టి ఆగింది."

"ఆగింది కాబట్టే కదే పెట్టా!"

"మొట్టమొదటిది ఎప్పుడు పెట్టావు?"

"పోయిన నెల ఒక వైరు వదులైందని నువ్వు బిగించలా? ఆ రోజు. రెండూ మూడూ కూడా అప్పుడే. బాగైంది కదా, ఇక అలాగే ఉండాలని."

"అంటే నేను బాగుచేసిన రోజునే పాడుచేశావు."

"అలా అనకు. మనసుకి కష్టంగా ఉంటుంది."

"సరే, అనను. ఇవి పట్టుకో, ఒక్కోటి అందిస్తా. అబ్బ, చేతులు కాల్తున్నాయి. బొరుగులు మళ్ళీ వేగిపోయాయి లోపల. ఇదిగో, దీని మీద తేదీ చూడు, గడువు దాటి పదిరోజులైంది."

"అదే! నేను చెప్పలా? గడువు దాటిన పొట్లం ఒక్కటున్నా మిషను పగబడుతుంది. ఆగింది దీనివల్లే. మిగతా ఎనిమిదీ మంచివి."

"అన్నీ కింద పెట్టు నాన్నా."

"ఒక్కటుంచనా? మూలకి, చిల్లుకి తగలకుండా?"

"కింద."

"సరే, సరే. పోనీ ఇప్పుడు ఎంతుంది?"

"ఎనభై. తగ్గుతోంది. డెబ్భై నాలుగు. తలుపు మూస్తున్నా. మూసినా తగ్గుతోంది నాన్నా, చూడు, అరవై ఎనిమిది! దిమ్మ బిగించు, మొదలుపెడదాం. గంట దాటి నడిస్తే నయమైనట్టే."

"మూడయ్యేలోపు గంట దాటుతుందా?"

"దాటుతుంది. దాటాక నీ లారీవాడితో నేను మాట్లాడతా."

మిషను కోస్తోంది. అన్నం డబ్బాలు ఖాళీ అయ్యాయి. గోడ గడియారంలో మూడుకి పది నిమిషాలు తక్కువ.

"ఎంత?"

"అరవై ఒకటి. రెండు నిమిషాలకోసారి అడక్కు."

"అడగను. ఎన్ని పెడళ్ళు?"

"ఇరవై ఆరు. ఒక్క ముక్క కూడా పోలేదు. ఫోరంలో రాసేస్తున్నా, కారణం దొరికిందని."

"రాస్తావా? ఎందుకు రాయడం? బాగైంది కదా, నోరు మూసుకుని ఉందాం."

"అడిగినవాళ్ళు జవాబు దొరికాక చెప్పకపోవడం అక్కడ పెద్ద తప్పు. రేపు ఎవడో ఇదే బాధతో వెతుక్కుంటూ వస్తాడు."

"ఎవడొస్తాడే? తొమ్మిది పొట్లాలు టేపేసి అతికించేవాడు ఈ దేశంలో నేను తప్ప ఎవడున్నాడు?"

"ఆ మాట నిజమే."

"నా పేరు రాయకు."

"రాయలేదు. గాలి చిల్లుల మీద తినుబండారాలు అడ్డుగా ఉన్నాయి, తీసేశాం అని రాశా. ఇదుగో, పాలాయన అప్పుడే చూశాడు."

"నవ్వాడా?"

"నవ్వలేదు. ఆ తినుబండారం పేరేంటి, మా కొట్టంలో కూడా మిషను మాట వినట్లేదు, ఒకటి పంపుతారా అని అడుగుతున్నాడు."

"చూశావా! మనిషంటే ఆయన. ఒకటేంటి, ఎనిమిదీ పంపు. కొత్త టేపు కూడా పెట్టు."

"టేపు మాత్రం వద్దు. నాన్నా, ఒకటి అడుగుతా, నిజం చెప్తావా?"

"టీ పొయ్యనా?"

"వద్దు. అమ్మేసే మిషనుకి ఎవరైనా తొమ్మిది పొట్లాలు పెడతారా?"

"...లారీ చప్పుడు కాదూ అది?"

"జవాబు చెప్పు."

"లారీయే. వాడికి సందు తిప్పడం రాదు, గోడ గీరేస్తాడు. నేను వెళ్ళి..."

"నువ్వు కూర్చో. వాడితో మాట్లాడేది నేను. ఏయ్! అన్నా! ఆపండి! అక్కడే ఆపండి లారీని!"

"నువ్వేనా అమ్మాయ్, ము-హువో అన్న కూతురివి? నన్ను ఆ-షుయ్ అంటారు. నాన్న లేడా?"

"ఉన్నాడు. ఏదున్నా నాతో చెప్పండి. మీరు శ్రమపడి వచ్చారు, టీ తాగి వెళ్ళండి. మిషను ఇచ్చేది లేదు. దానికి నయమైంది. గంటన్నర నుంచి నడుస్తోంది, మీకూ వినబడుతోందిగా."

"వినబడుతోంది. బాగా నడుస్తోంది. అయితే?"

"అయితే ఆ కొక్కెం దించకండి. మా నాన్న ఏం మాటిచ్చాడో నాకు తెలీదు. దాన్ని మాత్రం లారీ ఎక్కించనివ్వను."

"ఎక్కించడానికి చోటేదమ్మా? పట్టా కింద ఏముందో చూడు."

"...మిషను. ఎవరిది?"

"మీదే. ఫెంగ్‌యువాన్‌లో మూతబడ్డ షెడ్డులో మీ నాన్న పోయిన నెల కొన్నాడు. నేను చెప్తూనే ఉన్నా, అన్నా, దీని ప్యానెలు ఖాళీ, బోర్డు లేదు, కంప్యూటరు లేదు, వట్టి ఇనుము, ఏం చేసుకుంటావ్ అని. నీకెందుకురా, దించి పో, మిగతాది మా అమ్మాయి చూసుకుంటుంది అన్నాడు."