కుర్చీ చప్పుడు

అధ్యక్ష స్థానంలో ఉన్న మా డైరెక్టర్ గారికి, పనులన్నీ మానుకుని వచ్చిన ముఖ్య అతిథి, మంత్రిగారి సలహాదారు గారికి, తోటి ఉద్యోగులకు, చివరి వరుసలో కూర్చున్న ఏటి అవతలి లాండ్రీ అక్కలకు, ముందు వరుసలో అప్పుడే ఆవలిస్తున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు)

ఈ రోజు నా రిటైర్మెంటు కదా, రెండు ముక్కలు మాట్లాడి దిగిపొమ్మన్నారు. ఇంట్లో ఎలాగూ మాట్లాడనివ్వరు, ఆఫీసులో మాట్లాడితే బదిలీ చేశారు, కాబట్టి ఇన్నాళ్లకు చేతికొచ్చిన మైకును అంత తేలిగ్గా వదిలే ఉద్దేశం నాకు లేదు.

ఓటు వేయనివ్వకుండా ఎవరైనా అడ్డుపడితే ఆ అడ్డు తీసేయడం మన ఆఫీసు పని. చెప్పుకోవడానికి భలే ఉంటుంది. ఫిర్యాదు వస్తుంది, నేను వెళ్లి చూసొచ్చి ఉత్తర్వు రాస్తాను, అంతలో పక్కగదిలో డైరెక్టర్ గారి కుర్చీ కిర్రుమంటుంది. మామూలు ఫోనైతే ఆయన కూర్చునే మాట్లాడతారు, పైనుంచి వస్తే మాత్రం, అవతలివాళ్లకు కనబడదని తెలిసినా, లేచి నిలబడతారు. కిర్రుమందంటే నా ఉత్తర్వు బుట్టలో పడ్డట్టే. ఆ చప్పుడు నాకు వినబడకూడదని కాళ్లకు చక్రాలున్న కొత్త కుర్చీ తెప్పించారు. మొదటి ఫోనుకే లేచారు, “చిత్తం సార్” అంటూ కూర్చోబోయారు, కుర్చీ కిటికీ దాకా వెళ్లిపోయింది. నేనే వెళ్లి లేవదీశాను. కిందపడినా ఫోను వదల్లేదండీ. (నవ్వులు) మర్నాటికి పాత కుర్చీ వచ్చేసింది.

నవ్వుకుంటున్నాం గానీ, అది కిర్రుమన్నప్పుడల్లా ఎవరిదో ఓటు పోయేది. నాకు ఒళ్లు మండిపోయేది.

రేపు పోలింగ్. పోయినసారి మంత్రిగారికి ఓటేయలేదని ఈ అక్కల పోలింగ్ గదిని వాళ్ల ఊరి బడి నుంచి ఏటికి ఇవతలికి మార్చారు. రేపేమో పడవకు మరమ్మతట, సరిగ్గా పోలింగ్ రోజే దానికి జబ్బు చేస్తుంది పాపం. మొన్న పెద్దక్క నన్ను అడిగింది: “మీ చొక్కాలన్నీ మా చేతుల్లోనే తెల్లబడతాయి కదా, మా వేలికి ఒక్క సిరా మరక పడితే మీకేం నష్టమమ్మా?” ఇంటికెళ్లి ఏడ్చాను.

అందుకే మధ్యాహ్నం, మీరంతా భోజనాల దగ్గర ఉన్నప్పుడు, ఆ గదిని మళ్లీ వాళ్ల బడికే మారుస్తూ సంతకం పెట్టి పంపించేశాను. దాన్ని రద్దు చేయాలంటే డైరెక్టర్ గారు తన గదికి వెళ్లి అయిదులోపు సంతకం పెట్టాలి. అయిదు దాటితే మంత్రిగారి తరం కూడా కాదు.

అదిగో, డైరెక్టర్ గారి జేబులో ఫోను మోగుతోంది. సార్, లేవకండి. అధ్యక్షులు లేస్తే సభ ముగిసినట్టే, నా సన్మానం సగంలో ఆపేస్తే మీ పెద్దరికానికి ఏం బాగుంటుంది? సలహాదారు గారూ, మీరైనా ఆయనకు... అయ్యో, మీరూ లేస్తున్నారేం? నా పూలగుత్తి ఇంకా మీ చేతిలోనే ఉంది. (నవ్వులు)

ఇక మా ఆయన సంగతి. ఈయన కళ్లజోడు వెతకడంతోనే నా జీవితం సగం గడిచిపోయింది. ఎక్కడెక్కడ దొరికిందో వరసగా చెబుతాను. మొదట ఫ్రిజ్‌లో, గుడ్ల పక్కన. తర్వాత చెప్పుల్లో. ఆ తర్వాత...

(గోడ గడియారం అయిదు కొట్టింది.)

అక్కలూ, పడవ సంగతి వదిలేయండి. పొద్దున్నే మీ బడికి నడిచి వెళ్లండి.

వచ్చినవారందరికీ, ముఖ్యంగా ఇంతసేపూ ఓపిగ్గా కూర్చున్న అధ్యక్షులకు, నా కృతజ్ఞతలు. డైరెక్టర్ గారూ, ఇప్పుడు లేవండి, ఫోను ఎత్తండి. నాకు సెలవు.