వేళ్ళ మధ్య సందు

ఆసుపత్రి గదిలో మంచం మీద బాలింత, పక్కన కుర్చీలో ఆమె తండ్రి. ఆయన ఒళ్ళో ఉన్న పాప చేతులకు ఇంకా గుడ్డ తొడుగులే ఉన్నాయి.

“పొద్దున పుట్టిన పిల్ల చేతులు ఇంతవరకూ చూడలేదా?”

“భయం నాన్నా. నర్సు చెప్పబోతే వద్దన్నాను. నా వేళ్ళలాగే అతుక్కుని ఉంటేనో?”

“ఉంటే కోయిస్తాం. నీకు కోయించలేదూ?”

“అప్పుడు అమ్మ ఎంత ఏడ్చిందో మర్చిపోయావా?”

“పోయిన మనిషి మాట ఎత్తకు. అసలు ఎందుకు అతుక్కుంటాయట?”

“కడుపులో అందరి వేళ్ళూ మొదట అతుక్కునే ఉంటాయట. మధ్యలో ఉన్న కణాలు వేళకి వాటంతట అవే చచ్చిపోతే వేళ్ళు విడిపోతాయి. నాకు అవి చావలేదు.”

“అంతేలే. చావాల్సినవి చావవు, ఉండాల్సిన మనిషి పోతుంది.”

“నువ్వే తీసి చూడు నాన్నా. నేను కళ్ళు మూసుకుంటాను.”

ఆయన తొడుగులు లాగాడు.

“కళ్ళు తెరువే పిచ్చిదానా. నా వేలు ఎలా పట్టుకుందో చూడు. అన్నీ విడివిడిగానే ఉన్నాయి.”

“రెండో చెయ్యి?”

“అదీ అంతే.”

“హమ్మయ్య! నాన్నా, ఏడుస్తున్నావా?”

“నేనెందుకు ఏడుస్తాను? మీ అమ్మని తీసుకుపోయినందుకు చావుని ఎప్పటికీ క్షమించను. ఈ వేళ్ళ మధ్య చేసిన పనికి మాత్రం, ఇవాళ్టికి దాన్ని తిట్టను.”