రికార్డింగ్ గదికి విడిగా ఒక సౌండ్ కార్డు

అధ్యక్షులవారికి, పెద్దలకు, మన వినే పుస్తకాల గ్రంథాలయం కోసం పాఠాలు చదివి పెట్టే గొంతులకు, వెనక వరుసల్లో కూర్చుని, చూపు లేకపోయినా నా గొంతులో తేడాను నాకంటే ముందే పట్టేసే మా శ్రోతలకు నమస్కారం.

ఇంతవరకూ మాట్లాడినవాళ్ళు నన్ను ఎంత పొగిడారంటే, పోయినవాళ్ళ గురించి తప్ప ఎవరూ అంత మంచి చెప్పరు కనుక, కూర్చున్నచోటే ఒకసారి నాడి చూసుకున్నాను. (నవ్వులు) ఉంది. కాస్త దడదడగా ఉంది. ఎందుకంటే నా ఈ పదవీ విరమణ సభ ముగియగానే అధ్యక్షులవారు కొత్త కంప్యూటర్ల ఆర్డరు మీద సంతకం పెడతారు. రేపటినుంచి ఇక్కడ నా మాటకు చెల్లుబాటు ఉండదు.

ఇక్కడి కంప్యూటర్లు చూసుకునే నా కుర్చీలోకి వస్తున్న ఇంజనీరుబాబు బుద్ధిమంతుడు. "సౌండు, వీడియో, నెట్‌వర్కు అన్నీ కంప్యూటరు లోపలి పెద్ద పలకలోనే, మదర్‌బోర్డులోనే వస్తున్నాయి మేడమ్, ఇంకా విడి కార్డులెందుకు?" అన్నాడు. నిజమే నాయనా. ఉత్తరాలు టైపు చేసుకునే కంప్యూటరుకు విడి వీడియో కార్డు పెట్టడం బోడిగుండుకు దువ్వెన కొన్నట్టే. విడి కార్డులు వదులవుతాయి, దుమ్ము పట్టిపోతాయి, మూత విప్పి వాటిని బిగించీ బిగించీ నా వేళ్ళు కాయలు కాశాయి. బోర్డులో కలిసున్నవి ఉమ్మడి కుటుంబంలా పొదుపుగా నెట్టుకొస్తాయి. ముగ్గురు కోడళ్ళ అత్తగారిని, ఉమ్మడి సంగతి నాకు తెలియదా? (నవ్వులు) పెద్దకోడలు నవ్వలేదు, చూశాను. కానీ ఉమ్మడిలో ఒకరు గొణిగితే ఇల్లంతా వినబడుతుంది. బోర్డులోని సౌండు చిప్పుకూ అంతే, పక్కవాటి గొణుగుడంతా అంటుకోవచ్చు.

పోయిన పరీక్షల ముందు, నేను ఊళ్ళో లేనప్పుడు, రికార్డింగ్ గదిలో మైకు గొంతును కంప్యూటరుకు అందించే సౌండ్ కార్డు పాడైంది. "బోర్డులో ఉందిగా" అని మనవాళ్ళు మైకు దానికే తగిలించారు. తెర మీద గీతలు చక్కగా కదులుతున్నాయని కళ్ళతో చూసి తృప్తిపడ్డారు. ఒక్కరూ హెడ్‌ఫోను చెవిన పెట్టుకుని వినలేదు. చరిత్ర పాఠాలన్నీ సన్నటి 'జుయ్'మనే మోతతో వెళ్ళిపోయాయి.

నేను తిరిగొచ్చాక ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "అమ్మమ్మా, పాఠం వింటుంటే ఏదో మోత. నా చెవులు కూడా పోతున్నాయా?"



ఇంట్లో చెప్పలేదట. ఉన్న వినికిడి అరిగిపోతుందేమోనని పాఠాలు వినడమే మానేసిందట. నేను వెళ్ళాక ఇంకో పిల్లకు ఆ భయం పుడితే ఎవరి చెయ్యి పట్టుకుంటుంది?

అధ్యక్షా, మిగతా గదులకు మీ ఇష్టం. ఆ ఒక్క గదికి విడి సౌండ్ కార్డు, దాన్ని పెట్టుకునే చోటున్న బోర్డు ఆర్డరులో రాయించండి. పాడైతే కార్డు మార్చుకుంటారు, కంప్యూటరు బతుకుతుంది.

(అధ్యక్షులు తల ఊపారు.)

తల ఊపితే ఎలా బాబూ? వెనక వరుసలకు కనబడదు. మైకులో చెప్పండి.

("ఆ గదికి విడి కార్డే తెప్పిస్తాం," అన్నారు అధ్యక్షులు.)

వినబడిందా అమ్మాయిలూ?

("ఇంకోసారి చెప్పించు అమ్మమ్మా!" నవ్వులు. అధ్యక్షులు మళ్ళీ చెప్పారు.)

బాబూ, వీళ్ళు ఒకసారి విన్నది మరిచిపోరు, జాగ్రత్త. ఇన్నాళ్ళూ నా నోటిని భరించిన అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడిక ధైర్యంగా అడుగుతున్నాను, సెలవు.