ఆ ఉదయం అతను నన్ను ‘నువ్వు’ అన్నాడు

ఇన్‌స్పెక్టర్ గారికి,

నా పేరు, చిరునామా మొన్న మీ రైటర్ గారు రాసుకున్న కాగితంలో ఉన్నవే. వయసు యాభై. పదో తరగతి చదివాను. తాగుడు మాన్పించే కేంద్రంలో పందొమ్మిదేళ్లుగా కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను.

మొన్న మీరు ఆ డ్రైవర్ నోటి వాసన చూశావా అని అడిగినప్పుడు నేను తల ఊపాను. దాన్ని రైటర్ గారు "వాసన చూశాను, మద్యం వాసన రాలేదు" అని రాశారు. నేను కింద సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి ప్రార్థనకు కూర్చుంటే రెండో వాక్యం రావడం లేదు. అందుకే ఇది నా చేత్తో రాస్తున్నాను. మీ ఎదుట నోటితో చెప్పాలంటే మళ్లీ తల ఊపుతానేమోనని భయం.

గత నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం 8.10కి స్కూలు బస్సు గేటు స్తంభానికి గుద్దుకుంది. పిల్లలెవరికీ ఏమీ కాలేదు. ముందు సీట్లో కూర్చున్న టీచరమ్మకు మణికట్టు విరిగింది. బ్రేకు పట్టలేదని డ్రైవర్ అంటున్నాడు. అతని నోట మందు వాసన వచ్చిందని స్కూలు వాచ్‌మన్ అంటున్నాడు. ఊదించి చూసే పరీక్ష ఆ రోజు జరగలేదని మీరే చెప్పారు.

డ్రైవర్ రోజూ బస్సు ఎక్కేముందు మా కేంద్రానికి వచ్చి సంతకం పెట్టాలి. ఆ షరతు మీదే స్కూలువాళ్లు మూడేళ్ల కిందట ఉద్యోగం ఇచ్చారు. ఆ రోజు 7.20కి వచ్చాడు. రిజిస్టర్‌లో అతని పేరుకు ఎదురుగా నేను "వాసన లేదు" అని రాశాను. ఇప్పుడు అతని లైసెన్సు, ఉద్యోగం ఆ రెండు మాటల మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ రెండు మాటలూ నేను రాయకూడనివి. రెండేళ్లుగా నాకు ఏ వాసనా తెలియదు.

ఒకప్పుడు కేంద్రంలో అందరూ నన్ను ముక్కమ్మ అనేవాళ్లు. అప్పటికి పన్నెండు మంచాలే ఉండేవి. అది పాత గోడౌను. కిటికీలు ఎక్కడో పైన ఉండేవి, మూయాలంటే కర్ర కావాలి. ఇంటికి పంపినవాళ్లు ఆదివారం సాయంత్రం తిరిగొచ్చి గుమ్మం దగ్గర వరసగా నిలబడేవాళ్లు. నేను ఒక్కొక్కరి ముందు ఆగి, "ఏం నాయనా, ఇంట్లో అంతా బాగున్నారా?" అని అడిగేదాన్ని. జవాబిస్తే చాలు. లవంగం నమిలినా, ఉల్లిపాయ కొరికినా, నీలగిరి తైలం పూసుకున్నా, దాని అడుగున ఉన్నది తెలిసిపోయేది. ఒక దర్జీ పేస్టు ట్యూబు సగం మింగి వచ్చాడు. "పళ్లు తోముకున్నావా, కడుపు తోముకున్నావా?" అని అడిగితే వరసంతా విరగబడి నవ్వింది. దర్జీ కూడా నవ్వాడు. నవ్వి, చెప్పులు విడిచి, కొత్తగా చేరినవాళ్లకిచ్చే మంచం మీదికి తనే వెళ్లి పడుకున్నాడు.

అవి సుఖమైన రోజులు కావు. వణికే చేతులకు గ్లాసు పట్టించాను, తినని తిట్టు లేదు, ముగ్గురిని పోగొట్టుకున్నాం. అయినా తలుచుకుంటే ముందు గుర్తొచ్చేవి వాసనలే. ఫినాయిల్. ఎండలో ఆరిన దుప్పట్లు. వాన పడితే గోడల్లోంచి వచ్చే పాత గోనెసంచుల వాసన. ఇప్పుడున్న కొత్త భవనంలో అది ఎలాగూ ఉండదు, కానీ ఫినాయిల్ ఉంటుంది కదా, అదీ తెలియడం లేదు. రెండేళ్ల కిందట పది రోజులు జ్వరం వచ్చింది. లేచి స్నానం చేస్తే సబ్బుకు వాసన లేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ గడిపేశాను. కేంద్రంలో చెప్పలేదు. ముక్కమ్మకు ముక్కు పోయిందంటే అక్కడ ఇక నాకేం పని?

కాబట్టి వాచ్‌మన్ వాసన వచ్చిందంటే, రాలేదని అనే హక్కు నాకు లేదు. మొన్నటి కాగితంలో ఆ వాక్యం కొట్టేయండి.

కానీ డ్రైవర్ ఆ ఉదయం తాగి లేడు. అది నాకు తెలుసు. ఎలా తెలుసో రాస్తాను, చదివి నవ్వుకున్నా పర్వాలేదు.

అతను మా దగ్గరికి మొదటిసారి వచ్చింది పదకొండేళ్ల కిందట. అప్పట్లో లారీ నడిపేవాడు. గొంతు విని తోటివాళ్లు హారన్ అని పేరు పెట్టారు. భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రాగానే నాకు రెండు చేతులూ ఎత్తి, "నమస్కారమండీ మేడమ్ గారూ, ఇన్నాళ్లకు తమరి దర్శనభాగ్యం కలిగింది" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. భార్య నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఆ మర్యాదకు మురిసిపోకండి వదినా. అది మందు మాట్లాడిస్తోంది. మామూలుగా ఉంటే నన్ను ఒసేయ్ అంటాడు. 'ఏమండీ' అన్నాడంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు."

అయిదో రోజు పొద్దున్నే లేచి, "అక్కా! టీ ఇస్తావా, ఇయ్యవా? ఇదేం ఆస్పత్రి!" అని గోడౌను అదిరేలా అరిచాడు. వంటామె గరిటె పట్టుకుని బయటికొచ్చి తిట్టింది. భార్య మాత్రం గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. "వచ్చేశాడు వదినా. మా ఆయన వచ్చేశాడు" అంది.

అప్పటి నుంచి నాకది గుర్తు. నువ్వు అంటే మామూలుగా ఉన్నట్టు. మీరు అంటే ఒక గ్లాసు. తమరు అంటే ఇక కూర్చోబెట్టాల్సిందే. ముక్కు పనిచేసిన తొమ్మిదేళ్లలో అతను నాలుగుసార్లు జారి మళ్లీ తాగాడు. నాలుగుసార్లూ చెవికి తెలిసిందీ ముక్కుకు తెలిసిందీ ఒక్కటే.

ముక్కు పోయాక రెండుసార్లు "మీరు" అన్నాడు. పోయిన ఏడాది జూన్ 26న, మళ్లీ నవంబర్ 19న. జూన్‌లో వచ్చీ రాగానే "మీరు బాగున్నారా అక్కా?" అన్నాడు. నేను రిజిస్టర్ మూసేశాను.

"బస్సు తాళాలు ఇటివ్వు."

"అదేంటండీ!"

ఆ "అండీ"తో ఇంక అనుమానం లేకపోయింది. బల్ల మీద తల ఆనించి పది నిమిషాలు కూర్చుని, తెల్లవారుజామున తాగానని ఒప్పుకున్నాడు. నవంబర్‌లోనూ అంతే. రెండుసార్లూ స్కూలుకు ఫోన్ చేసి అతనికి జ్వరమని చెప్పాను. వేరే డ్రైవర్ వచ్చి బస్సు తీసుకెళ్లాడు. జ్వరమనడం నా రెండో తప్పు.

ఆ రెండు రోజుల సంగతి స్కూలుకు ఇప్పటికీ తెలియదు. మాకు చెప్పుకున్నది మా దగ్గరే ఉండిపోవాలి, ఈ పనిలో మొదట నేర్పేది అదే. బయటపెడితే అతనికి చేటు. బయటపెట్టకపోతే నా చెవిని మీరెందుకు నమ్మాలి?

నిన్న ఉదయం పదకొండు గంటలకు అతని ఇంటికి వెళ్లాను. మెట్ల మీద కూర్చుని బూట్లకు పాలిష్ వేసుకుంటున్నాడు, వెళ్లడానికి పని లేకపోయినా.

"తమ్ముడూ, ఆ రెండు రోజుల సంగతీ రాయాల్సి వస్తుంది."

కాసేపు బ్రష్షు ఆడిస్తూనే ఉన్నాడు. "రాస్తే పనిలోంచి తీసేస్తారా?"

"తీసేయొచ్చు."

"రాయకపోతే?"

"నా మాటకు ఆధారం ఉండదు."

"నీకు దాచడం చేతకాదులే అక్కా, మొహమే చెప్పేస్తుంది. రాసెయ్. ఆ రెండు రోజులూ తాగాను, బస్సు గుద్దిన మంగళవారం తాగలేదు. మూడూ రాయి. ఒకటి రాసి రెండు మింగేస్తే ఊరుకోను."

భార్య నాతో సందు చివరిదాకా వచ్చింది. "నెల నుంచీ ఒక్కసారి కూడా 'ఏమండీ' అనలేదు వదినా" అంది మెల్లగా.

ఇక ఆ మంగళవారం నేను విన్న మాటలు. 7.20కి గుమ్మంలోంచే, "అక్కా, పెన్ను ఎక్కడ పారేశావ్? నువ్వు సర్దడం, నేను వెతకడం. నీకు దండ వేసి ఇంటికి పంపే రోజొచ్చింది" అన్నాడు. పెన్ను నా చేతిలోనే ఉంది. తీసుకుని సంతకం పెట్టాడు. "టీ చల్లారిపోతోంది, తాగు నువ్వు. నేను పోతున్నా" అన్నాడు. అంతే. ఎక్కడా "మీరు" లేదు. ఇది చట్టానికి సరిపోతుందో లేదో నాకు తెలియదు. నా దగ్గరున్న సాక్ష్యం ఇదే.

ఇది మీ చేతికిచ్చి, ఇక్కడి నుంచి మా కేంద్రం డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి ముక్కు సంగతి నేనే చెబుతాను. ఆయన ఏమన్నా సరే.

పైన ఉన్నది నేను విన్నదీ చేసినదీ మాత్రమే. ఎవరూ చెప్పి రాయించలేదు. దేవుడి ఎదుట మళ్లీ చదవమన్నా ఇదే చదువుతాను. రెండో పేజీలోని కొట్టివేత నాదే.

ఒక్క మనవి. ఈ కాగితాలు మీ ఫైల్లో ఉంచండి, కోర్టు అడిగితే ఇవ్వండి. డ్రైవర్‌కు మాత్రం చూపించకండి. ఆ రెండు రోజులూ ముక్కుతోనే పట్టుకున్నానని అతను అనుకుంటున్నాడు. తన మాట మారుతుందని అతనికి తెలియదు. తెలిస్తే తాగిన రోజున కూడా జాగ్రత్తగా నన్ను నువ్వు అంటాడు. అప్పుడు తాళాలు ఎప్పుడు అడగాలో నాకు తెలియదు.

(సంతకం)
కౌన్సెలర్